ఆదివారం తలుపు మూసే హోటల్: అట్లాంటా చిక్‌ఫిలే

అట్లాంటా ఉత్తర శివారు ఆల్ఫరెటాలో మేము కాపురం పెట్టి ఎనిమిదేళ్లయింది. ఇన్నేళ్లలో ఇల్లు విడిచి మేము ఎక్కువసార్లు తిన్నది, అమెరికాలో చాలా ఊళ్లలో శాఖలున్న చిక్‌ఫిలేలోనే. అక్కడి చికెన్ సాండ్‌విచ్ చాలా సాదా పదార్థం. ఎముకలేని కోడి మాంసాన్ని పాలూ గుడ్డూ కలిపిన దానిలో ముంచి, పిండి పట్టించి, మూత బిగించిన పాత్రలో వేరుశెనగ నూనెతో వేయిస్తారు. వెన్న రాసి కాల్చిన బన్నులో, ఊరవేసిన దోసకాయ బిళ్లలు రెండు వేసి ఇస్తారు. సంచి విప్పగానే ఆవిరి ముఖానికి తగులుతుంది. మన కారం కోరేవారు స్పైసీ రకం తీసుకోవాలి. మా అమ్మ ఒంగోలు నుంచి వచ్చినప్పుడు మెచ్చుకున్నది అదే.

రుచికి మించిన కారణం ఒకటి ఉండబట్టే ఈ సమీక్ష రాస్తున్నాను. ఈ హోటల్ ఆదివారం తెరవదు. అమెరికాలో హోటళ్లకు బేరం బాగా సాగే రోజుల్లో ఆదివారం ఒకటి. అట్లాంటా మెర్సిడెస్ బెంజ్ స్టేడియంలో కూడా వీరి దుకాణం ఉంది. అక్కడ అమెరికన్ ఫుట్‌బాల్ పోటీలు ఎక్కువగా ఆదివారమే జరుగుతాయని తెలిసినా, ఆ రోజు దాన్ని మూసే ఉంచుతారు.

ఈ నియమం 1946 నాటిది. సంస్థ స్థాపకుడు ట్రూయెట్ కాథీ ఆ ఏడు తన తమ్ముడితో కలిసి అట్లాంటా పక్కనున్న హేప్‌విల్‌లో చిన్న హోటల్ తెరిచి, వారానికి ఆరు రోజులు రాత్రింబగళ్లు నడిపారు. ఏడవ రోజు తనకూ పనివారికీ విశ్రాంతి కావాలని, ఆరాధనకు వెళ్లదలచినవారికి వీలుండాలని ఆయన నిర్ణయించారు. 1982లో వ్యాపారం ఇబ్బందుల్లో పడినప్పుడు సంస్థ తన ఉద్దేశాన్ని రాసుకుంది. తమకు అప్పగించబడినదానికి నమ్మకమైన గృహనిర్వాహకులుగా ఉండి దేవుని మహిమపరచాలన్నది అందులో మొదటి మాట. ‘గృహనిర్వాహకుడు’ అన్న మాటను సండేస్కూల్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, కానీ అది ఒక వ్యాపారానికి ఎలా వర్తిస్తుందో ఇక్కడికి వచ్చాకే ఆలోచించాను.

లోపల ఎవరూ ప్రసంగించరు, కరపత్రాలు పంచరు. మాటలు లేని సంగీతం మెల్లగా వినిపిస్తూ ఉంటుంది. అది మా సంఘంలో పాడే ఆరాధన గీతమేనని ఒకసారి మా అమ్మాయి గుర్తుపట్టి, బంగాళదుంప వేపుడు చేతిలో పట్టుకునే పల్లవి అందుకుంది. కృతజ్ఞత చెబితే పనివారు ‘మై ప్లెజర్’ అని బదులిస్తారు. తలపాగాతో ఉన్న సిక్కు పెద్దాయనకూ, హిజాబ్ ధరించిన యువతికీ అదే మర్యాద దక్కడం నేను చూశాను. సాక్ష్యం మొదట పనిలో కనిపించాలన్న మాటకు నాకు తెలిసిన మంచి ఉదాహరణ ఇది.

2012లో సంస్థ అధిపతి, ట్రూయెట్ కుమారుడు డాన్ కాథీ వివాహం స్త్రీ పురుషుల మధ్యే అన్న తన బైబిలు విశ్వాసాన్ని బహిరంగంగా చెప్పినప్పుడు దేశమంతటా వివాదం చెలరేగింది. 2016 జూన్‌లో ఓర్లాండోలోని ఒక స్వలింగ సంపర్కుల క్లబ్బులో కాల్పులు జరిగాయి. అది ఆదివారం. అయినా ఆ ఊరి చిక్‌ఫిలే పనివారు వంటగదిలోకి వెళ్లి, రక్తదానానికి వరుసలో నిలిచినవారికి ఆహారం తయారుచేసి అందించారు. మరుసటి ఏడాది డిసెంబరులో అట్లాంటా విమానాశ్రయంలో విద్యుత్తు నిలిచిపోయి వేలమంది చిక్కుకుపోయినప్పుడు కూడా ఆదివారమే వారికి భోజనం పంపారు. నియమాన్ని ఎప్పుడు పట్టుకోవాలో, ఎప్పుడు ప్రేమకు లోబరచాలో తెలియడమే కష్టమైన పని. విశ్రాంతిదినము మనుష్యుల కొరకే అని ప్రభువు చెప్పిన మాటను ఈ రెండు ఆదివారాలు నాకు స్పష్టం చేశాయి.

ఆదివారం విశ్రాంతి ఇక్కడి సంపన్నుల సౌకర్యమని కొందరు మిత్రులు అంటారు. ఆ మాటను నేను ఒప్పుకోలేను. 1860లలో అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు వచ్చిన తరువాత బాప్తిస్మం పొందిన మాదిగలు ఆదివారం పని చేయబోమని నిలబడి, అందుకు ఊరి పెద్దల కోపాన్ని భరించారు. వారి వెనుక ధనబలం లేదు, చట్టం అండ అంతకన్నా లేదు. మా నాయనమ్మ కూడా నాట్ల కాలంలో ఆదివారం పొలానికి వెళ్లేది కాదు, ఆ రోజు కూలి వదులుకునేది. నేను మాత్రం ఆదివారం ఉదయం సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందంటే మాట్లాడకుండా లాప్‌టాప్ తెరిచేవాణ్ణి. ఒక శనివారం ఈ హోటల్ తలుపు మీద ‘ఆదివారం సెలవు’ అన్న అక్షరాలు చదివాక, సోమవారం మేనేజరుతో మాట్లాడి, దానికి బదులు శనివారం రాత్రి పని తీసుకుంటానని అడిగాను. ఆయన అభ్యంతరం చెప్పలేదు. అన్నేళ్లూ నేను అడగనే లేదు.

వెళ్లదలచినవారు శనివారం మధ్యాహ్నం పన్నెండుకు ముందే వెళ్లడం మంచిది, ఆ తరువాత కార్ల వరుస రోడ్డు దాకా వస్తుంది. ఉదయపు చికెన్ బిస్కట్టు (మెత్తని చిన్న రొట్టెలో పెట్టిన చికెన్) కావాలంటే పదిన్నర లోపు చేరుకోవాలి. ఆదివారం ఆరాధన ముగిశాక మేము ఇంటికే వెళ్లి కోడికూర వండుకుంటున్నాము.