ఎనిమిదేళ్లు యూనివర్సిటీ లైబ్రరీ వాడాక: బయాలజీ వాళ్లకి ఏది ఎక్కడ, ఏ పేరుతో దొరుకుద్ది

నేను ఎమ్మెస్సీ జువాలజీలో చేరింది 2017లో, ఇప్పుడు పీహెచ్‌డీ థీసిస్ సబ్మిట్ చేసే స్టేజ్‌లో ఉన్నా, అంటే ఒకే యూనివర్సిటీ లైబ్రరీని ఎనిమిదేళ్లుగా వాడుతున్నా. ర్యాకుల్లో పుస్తకాలు, కింద ఫ్లోర్‌లో జర్నల్ బ్యాక్ వాల్యూమ్స్, ఆన్‌లైన్ జర్నల్స్, థీసిస్‌లు అన్నీ వాడా కాబట్టి ఇది ఏదో ఒక నెల చూసి రాస్తున్నది కాదు. రేటింగ్ అడిగితే ఉన్న సరుకుకి ఐదుకి నాలుగు ఇస్తా, ఆ సరుకు ఎక్కడుందో తెలిసే దారికి రెండే ఇస్తా. ఎందుకంటే ఇన్నేళ్లలో నాకు దొరకలేదు అనుకున్నవాటిలో సగానికి పైగా లైబ్రరీలో ఉన్నవే, నేను వెతికిన పేరు ఒకటి, అక్కడ వాళ్లు పెట్టుకున్న పేరు ఇంకొకటి.

ఫస్ట్ సెమ్‌లోనే మొదలైంది ఇది. జెనెటిక్స్ పుస్తకం కావాలని ఓపాక్‌లో, అంటే లైబ్రరీ కంప్యూటర్ కాటలాగ్‌లో కొడితే, పుస్తకం ఏ ర్యాక్‌లో ఉందో చెప్పే కాల్ నంబర్ 576.5 అని వచ్చింది, ర్యాక్ దగ్గరికెళ్తే ఉన్న నాలుగైదు కాపీలూ ఇష్యూ అయిపోయాయి, ఎగ్జామ్స్ ముందు ఎప్పుడూ అంతే కదా. మా లైబ్రరీలో జెనెటిక్స్ పుస్తకాలు ఇంతే అని ఫిక్స్ అయిపోయి ఆ సెమిస్టర్ అంతా సీనియర్ల జిరాక్స్ నోట్స్‌తోనే లాగించేశా. రెండో సెమ్‌లో ఒకరోజు ర్యాకుల మధ్య తిరుగుతుంటే అక్కడ పనిచేసే పెద్దాయన, మేమంతా బాబాయ్ గారూ అనేవాళ్లం ఆయన్ని, ఏం కావాలమ్మా అని అడిగి, 575 చూశావా అన్నారు. తీసుకెళ్లి చూపిస్తే ఒక పూర్తి అర, దాదాపు ఇరవై పుస్తకాలు. అట్టల మీద టైప్‌రైటర్‌తో కొట్టిన లేబుళ్లు పసుపు రంగుకి తిరిగి అంచులు లేచిపోయి ఉన్నాయి, మీద చెయ్యి పెడితే ఊడొచ్చేలా. లోపల డ్యూ డేట్ స్లిప్ మీద చివరి ముద్ర నేను పుట్టకముందుది. టైటిల్ పేజీ వెనక పెన్సిల్‌తో 575.1 అని రాసుంది.

ఎందుకలా అని అడిగితే ఆయనే చెప్పారు, తర్వాత నేనూ చదివి రూఢి చేసుకున్నా. సబ్జెక్ట్‌ని బట్టి పుస్తకాలకి నంబర్లిచ్చే, మన లైబ్రరీల్లో ఎక్కువగా వాడే డ్యూయీ డెసిమల్ పద్ధతిలో 1996లో 21వ ఎడిషన్ వచ్చినప్పుడు బయాలజీ నంబర్లు మొత్తం మార్చేశారంట. అంతకుముందు జనరల్ బయాలజీ 574లో, సెల్ బయాలజీ 574.87లో, బయోకెమిస్ట్రీ 574.192లో, జెనెటిక్స్ 575.1లో, మైక్రోబయాలజీ 576లో ఉండేవి. మార్చాక జనరల్ బయాలజీ 570కి, సెల్ 571.6కి, బయోకెమిస్ట్రీ 572కి, జెనెటిక్స్ 576.5కి, మైక్రోబయాలజీ 579కి వెళ్లాయి. పాత పుస్తకాలకి కొత్త లేబుళ్లు అంటించేంత మంది స్టాఫ్ చాలా లైబ్రరీల్లో లేరు కాబట్టి ఒకే సబ్జెక్ట్ రెండు చోట్ల ఉంటది. ఇంకో తమాషా ఏంటంటే 576 దగ్గర పాత మైక్రోబయాలజీ, కొత్త జెనెటిక్స్ పక్కపక్కనే కూర్చుని ఉంటాయి. మీ లైబ్రరీలో కూడా 1990ల ముందు కొన్న పుస్తకాలుంటే 574, 575 తప్పకుండా చూడండి. పాతవి పనికిరావు అనుకోవద్దు, త్రీ పాయింట్ క్రాస్, టెట్రాడ్ అనాలసిస్ లాంటి జెనెటిక్స్ లెక్కలు వాటిల్లో లెక్క లెక్కా విడమరిచి ఉంటాయి, నెట్ ఎగ్జామ్‌కి నేను చదివింది ఆ పసుపు లేబుల్ పుస్తకాల్లోనే. సీక్వెన్సింగ్ లాంటి కొత్త విషయాలకి మాత్రం అవి వద్దు.

ఓపాక్ గురించి ఒక్క మాట. సబ్జెక్ట్‌తో వెతికితే సరిగా రాదు, డేటా ఎంట్రీలో స్పెల్లింగ్ తప్పులు చాలా ఉన్నాయి, రచయిత ఇంటిపేరుతో వెతకండి, అది కాస్త నమ్మకంగా పనిచేస్తది.

ఇక నా పీహెచ్‌డీ సంగతి. మాది గోదావరి జిల్లా, చుట్టూ రొయ్యల చెరువులే, వనామి అనే సాగు రొయ్యకి వచ్చే ఈహెచ్‌పీ అనే సూక్ష్మజీవి జబ్బు మీద పనిచేస్తున్నా. అది వస్తే రొయ్య చావదు కానీ ఎదగదు, రైతుకి కౌంట్ రాదు, మేత ఖర్చు మాత్రం పెరుగుతూ పోద్ది. మా బాబాయి వాళ్ల చెరువులో రెండు పంటలు అలా పోయాకే ఈ టాపిక్ తీసుకున్నా, అందుకే దీని మీద ఒక్క పేపర్ మిస్ అయినా నాకు మనసొప్పదు. అలాంటిది మొదటి కమిటీ మీటింగ్‌లో నా రివ్యూ ఆఫ్ లిటరేచర్ చూసి ఒక సార్, మన దేశంలో వనామి మీద జరిగిన పని ఇంతేనా అమ్మా అన్నారు. నేను వెతికింది పీనియస్ వనామి అనే శాస్త్రీయ నామంతో. 1931లో బూన్ అనే శాస్త్రవేత్త పెట్టిన పేరు అదే, ఇప్పుడు సముద్ర జీవుల పేర్లుండే వోర్మ్స్ డేటాబేస్‌లో సరైన పేరుగా చూపించేదీ అదే. కానీ 1997లో పెరెజ్ ఫర్ఫాంటే, కెన్స్‌లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ గుంపుని విడగొట్టి లిటోపీనియస్ అనే జీనస్ కింద పెట్టారు, ఆ తర్వాత చాలా ఏళ్లు అందరూ లిటోపీనియస్ వనామి అనే రాశారు. మన దేశంలో వనామి సాగుకి అనుమతొచ్చింది 2009లో, అంటే మన దగ్గర చెరువులు ఊపందుకున్న ఏళ్లలో వచ్చిన పేపర్లలో ఎక్కువ భాగం ఆ పేరు కిందే ఉన్నాయి. ఆ ఒక్క మాట మార్చి వెతికిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అన్ని పేపర్లు బయటికొచ్చాయి.

అప్పట్నుంచి ఏ జీవి మీద వెతికినా ముందు వోర్మ్స్‌లో కానీ, చేపలైతే ఫిష్‌బేస్ అనే సైట్‌లో కానీ పాత పేర్లు అన్నీ రాసుకుని, వాటన్నిటి మధ్య ఆర్ (OR) అనే మాట పెట్టి ఒకేసారి వెతుకుతా. చేపల వాళ్లకి ఇది ఇంకా అవసరం, మన బొచ్చె చేపకే కట్లా కట్లా, గిబెలియాన్ కట్లా, లేబియో కట్లా అని మూడు పేర్లున్నాయి.

వైద్య, జీవశాస్త్ర పేపర్లు వెతికే పబ్‌మెడ్ సైట్‌లో అయితే దీనికి ఒక మంచి ఉపాయం ఉంది, మెష్. అక్కడ పేపర్‌లో రచయిత ఏ పేరు వాడినా విషయాన్ని బట్టి ఒక నిర్ణయించిన మాట తగిలిస్తారు, రొయ్యల కుటుంబానికి పీనెయిడే అని ఉంటది, దాంతో వెతికితే పాత పేరు పేపర్లు, కొత్త పేరు పేపర్లు రెండూ కలిసి వస్తాయి. పై స్థాయి మాట ఇస్తే దాని కింద ఉన్నవాటిని కూడా అదే కలుపుకుంటది. ఎమ్మెస్సీ రెండేళ్లలో ఇది ఒక్కరూ చెప్పలేదు, పబ్‌మెడ్ అంటే గూగుల్‌లాగా డబ్బాలో మాట కొట్టడమే అనుకున్నాం అందరం. కాకపోతే పబ్‌మెడ్‌లో మెడ్‌లైన్ అనే ముఖ్య భాగంలో లేని పేపర్లకి మెష్ ఉండదు, ఫిషరీస్ జర్నల్స్ అన్నీ పబ్‌మెడ్‌లో ఉండవు కూడా, అందుకని మామూలు మాటలతో ఇంకోసారి, గూగుల్ స్కాలర్‌లో ఇంకోసారి వెతకాల్సిందే. స్కాలర్‌లో సెట్టింగ్స్‌లోకెళ్లి లైబ్రరీ లింక్స్ దగ్గర మన యూనివర్సిటీ ఉందేమో చూసి పెట్టుకోండి, ప్రతి పేపర్ కింద ఆల్ వెర్షన్స్ కూడా నొక్కండి, ఫ్రీ కాపీ చాలాసార్లు అక్కడే ఉంటది.

థీసిస్‌ల దగ్గరా ఇదే కథ. అందరికీ తెలిసింది శోధ్‌గంగ, గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే ప్రభుత్వ సంస్థ నడిపేది. బాగుంటది, నేను ఎక్కువగా వాడిన వాటిలో అదొకటి, కానీ ఫైళ్లు చాప్టర్ చాప్టర్‌గా విడివిడిగా ఉంటాయి, పాతవి స్కాన్ చేసిన బొమ్మలు కాబట్టి లోపల మాట వెతకడం కుదరదు. అసలు విషయం ఏంటంటే ఫిషరీస్, వెటర్నరీ, అగ్రికల్చర్ యూనివర్సిటీల థీసిస్‌లకి కృషికోష్ అని వేరే చోటుంది. రెండేళ్లు శోధ్‌గంగలో మాత్రమే వెతికి రొయ్యల మీద మన వైపు పని తక్కువే అనుకున్నా, ఆ థీసిస్‌లన్నీ అక్కడున్నాయి. సముద్ర జీవుల మీద అయితే కొచ్చిలో సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సీఎంఎఫ్ఆర్ఐ వాళ్ల ఈప్రింట్స్ సైట్ కూడా చూడండి, ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ఒక జాగ్రత్త చెప్తా. థీసిస్‌లో ఉన్న రిఫరెన్స్‌ని అసలు పేపర్ చూడకుండా ఎత్తుకోవద్దు. ఒక పేపర్‌లో ఉప్పుశాతం గురించి ఫలానా అంకె ఉందని మూడు థీసిస్‌లలో రాసుంది, అసలు పేపర్ తెప్పించుకుని చూస్తే అందులో ఆ అంకె లేనే లేదు, ఒకరి దగ్గర తప్పు జరిగితే మిగతా ఇద్దరూ అదే దించేశారు. నా డ్రాఫ్ట్‌లోనూ అది అప్పటికే ఎక్కేసి ఉంది, తీసేశా.

ఇంటి నుంచి వాడటం. 2020 మార్చిలో హాస్టల్ ఖాళీ చేయించినప్పుడు జర్నల్స్ అన్నీ ఒక్కసారిగా మూసుకుపోయినట్టైంది, ఎందుకంటే అప్పటిదాకా మాకు తెలిసింది క్యాంపస్ వైఫైలో ఓపెన్ అవ్వడం ఒక్కటే. ఇన్‌ఫెడ్ అనే లాగిన్ ఉంటదని, దాంతో ఊళ్లో కూర్చుని కూడా చదవొచ్చని మూడు నెలల తర్వాత వేరే యూనివర్సిటీ ఫ్రెండ్ చెప్తే తెలిసింది. మా లైబ్రరీకి మెయిల్ పెడితే రెండు రోజుల్లో ఐడీ ఇచ్చారు. ఇచ్చే వీలు ఉండి కూడా ఒక్క సర్క్యులర్ వెయ్యలేదు అనే బాధ నాకు ఇప్పటికీ ఉంది, ఆ మూడు నెలల్లో మా బ్యాచ్‌లో ఇద్దరు సినాప్సిస్ రాయలేక టాపిక్ మార్చుకున్నారు.

2025 జనవరి 1 నుంచి జర్నల్స్‌కి కేంద్ర ప్రభుత్వమే చందా కట్టే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం వచ్చాక పరిస్థితి చాలా మారింది. మూడేళ్లకి 6,000 కోట్లు, 30 మంది పబ్లిషర్లు, దాదాపు 13,000 జర్నల్స్. ఇంతకుముందు అబ్‌స్ట్రాక్ట్ దగ్గరే ఆగిపోయి రచయితకి మెయిల్ పెట్టి ఎదురుచూసిన పేపర్లు ఇప్పుడు నేరుగా ఓపెన్ అవుతున్నాయి, థీసిస్ చివరి చాప్టర్ దాని పుణ్యమే. అయితే మొదటి దశలో ఇది ప్రభుత్వ సంస్థలకే. ప్రైవేట్ కాలేజీలో ఎమ్మెస్సీ చదివే మా చెల్లికి అది రాదు, తనూ ఇదే సబ్జెక్ట్ చదువుతోంది, తనకీ ఇవే పేపర్లు కావాలి.

తనకి నేను చూపించింది ఉచితంగా చదువుకునే ఎన్‌సీబీఐ బుక్‌షెల్ఫ్ (పుస్తకాలకి), పబ్‌మెడ్ సెంట్రల్ (పూర్తి పేపర్లకి). బుక్‌షెల్ఫ్‌లో మాలిక్యులర్ బయాలజీ ఆఫ్ ద సెల్ నాలుగో ఎడిషన్ ఉంది, పేజీలు వరసగా తిప్పడానికి ఉండదు, మాట వెతికితే ఆ భాగం తెరుచుకుంటది. చెల్లి దాంతోనే సెల్ సైకిల్ చదివింది.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను, పాత జీవశాస్త్ర పుస్తకాలు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టే బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ. మా రూమ్మేట్ బోటనీ, మందుచెట్ల మీద ప్రాజెక్ట్. జ్వరానికి సోమిద చెట్టు బెరడు వాడేవాళ్లని వాళ్ల నానమ్మ చెప్పిందంట, ఆ పేరుతో ఎక్కడ వెతికినా సరిగా ఏం రాలేదు. రాత్రి పదకొండింటికి హాస్టల్లో ఇద్దరం ల్యాప్‌టాప్ ముందు కూర్చుని రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరం మొక్కల పుస్తకం తెరిచాం. సామర్లకోటలో ఉండి మన మొక్కల మీద పనిచేసిన మనిషి ఆయన, ఆ పుస్తకం లండన్‌లో 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా వచ్చింది, 300 బొమ్మలు. అందులో చాలా మొక్కలకి తెలుగు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి, తెలింగల పేరు అని, అంటే తెలుగువాళ్ల పేరు. మేం ఒక్కో పేరూ పైకి చదువుతూ పోతుంటే మా చెట్లు ఒక్కొక్కటీ పలికినట్టు అనిపించింది. సోమిద కూడా దొరికింది, ఆయన దాన్ని స్వీటీనియా ఫెబ్రిఫ్యూజా అన్నాడు, 1830లో జీనస్ మార్చినప్పుడు ఆ తెలుగు పేరే శాస్త్రీయ నామం అయింది, సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూజా. తను వెంటనే వాళ్ల నానమ్మకి ఫోన్ చేస్తానంటే టైమ్ చూసి నేనే ఆపా, పొద్దున్నే చేసింది.

స్టాఫ్ విషయానికొస్తే 575 అర చూపించిన బాబాయ్ గారు 2022లో రిటైర్ అయ్యారు, ఆ పోస్ట్ ఇంకా ఖాళీగానే ఉంది. కొత్తగా చేరినవాళ్లకి ఓరియంటేషన్ అని గంటసేపు స్లైడ్‌లు వేస్తారు, అందులో టైమింగ్స్, ఫైన్ రూల్స్ తప్ప పబ్‌మెడ్ మాటే రాదు. ఆ గంటని కంప్యూటర్ ల్యాబ్‌లో పెట్టి ఎవరి టాపిక్ వాళ్లతో వెతికిస్తే చాలు అని రెండుసార్లు రాసిచ్చా, ఇంకా చెయ్యలేదు, మళ్లీ రాస్తా.

వచ్చే నెల నో డ్యూస్ తీసుకుంటే నా లాగిన్ ఆగిపోద్ది. శోధ్‌గంగ, కృషికోష్, ఈప్రింట్స్, పబ్‌మెడ్ సెంట్రల్, హెరిటేజ్ లైబ్రరీ ఎలాగూ అందరికీ తెరిచే ఉంటాయి. మిగతావాటిలో ఈహెచ్‌పీ మీద ఉన్న పేపర్లు లిటోపీనియస్ పేరుతో ఒకసారి, పీనియస్ పేరుతో ఒకసారి ఈ వారమే దించుకుంటున్నా.