యాభై రెండేళ్లుగా వాడుతున్నా: హైదరాబాద్

నెల రోజులు వాడి ఫోన్ గురించి రాస్తారు, ఏడాది నడిపి బండి గురించి రాస్తారు. నేను 1973లో పుట్టినప్పటి నుంచి ఒకే ఊరిని వాడుతున్నాను. వారంటీ లేదు, వాపసు లేదు, కొన్నది నేనూ కాదు. మా తాత వరంగల్ నుంచి వచ్చి అశోక్‌నగర్‌లో రెండు గదులు కట్టుకుంటే అవి నాన్నకి, తర్వాత నాకు వచ్చాయి. కాబట్టి ఈ సమీక్షలో పక్షపాతం ఉంటుంది. ముందే చెప్పేస్తున్నా.

చార్మినార్ గురించి రాయను. 1591లో కట్టినదాని మీద నేను కొత్తగా చెప్పేదేముంది? బంధువులొస్తే తప్ప అటు వెళ్లను కూడా. ఊరు బాగుందో లేదో చూడ్డానికి నా దగ్గర ఒకటే లెక్క ఉంది: జేబులో ఇరవై రూపాయలున్నవాణ్ణి ఆ ఊరు ఎంతసేపు కూర్చోనిస్తుంది?

ఈ లెక్క నాకు ఇరానీ హోటల్లో వంటబట్టింది. ఇంటర్ చదివే రోజుల్లో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర ఒక హోటల్లో దాదాపు కాపురం ఉన్నాను. గుండ్రటి టేబుల్, పైన చల్లటి పాలరాయి, అంచున చిన్న పగులు. నలుగురం వెళ్లి రెండు చాయ్‌లు చెప్పేవాళ్లం, వన్ బై టూ. అడక్కుండానే ఒక ప్లేటు నిండా ఉస్మానియా బిస్కెట్లు, ఇంకో ప్లేటులో ఉల్లిపాయ పెట్టిన చిన్న సమోసాలు తెచ్చి పెట్టేవాడు. తిన్నవాటికే లెక్క. మిగిలినవి అదే ప్లేటులో పక్క టేబుల్‌కి వెళ్లిపోయేవి. ఈ సంగతి అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు.

బిల్లు కాగితం ఉండేది కాదు. మేం లేచి గల్లా వైపు నడుస్తుంటే వెనక నుంచి వెయిటర్ అరిచేవాడు, "లాల్ షర్ట్, ఛే రూపయే!" సేఠ్ తల ఎత్తకుండానే చెయ్యి చాపేవాడు. ఒకసారి అదే చొక్కా ఉతికి ఉతికి రంగు పోయి ఉంటే "గులాబీ షర్ట్" అని అరిచాడు. హోటలంతా తిరిగి చూసింది. ఆ చొక్కా మళ్లీ వేసుకోలేదు.

చాయ్ పెట్టే చోటు గల్లా పక్కనే. ఒక పెద్ద రాగిపాత్రలో డికాక్షన్ మూత బిగించి దమ్ మీద ఉండేది. ఇంకో దాంట్లో పాలు సన్నటి సెగ మీద చిక్కబడి, కొంచెం గోధుమరంగుకి తిరిగి, పైన మీగడ కట్టి ఉండేవి. కప్పులో ముందు డికాక్షన్, దాని మీద గరిటెతో పాలు. చెంచా తిప్పితే అడుగున చక్కెర గరగరలాడేది. అంత తీపి ఎందుకంటే, నా అనుమానం, మాలాంటివాళ్లు అదొక్కటే తాగి మధ్యాహ్నం గడపాలి కాబట్టి. గోడ మీద "రాజకీయాలు మాట్లాడరాదు" అని ఉర్దూలో, తెలుగులో బోర్డు. దాని కిందే కూర్చుని 1989 ఎన్నికలు మొత్తం మేమే నడిపించాం. గంటన్నర గడిచినా "ఇంకేం కావాలి" అని ఎవరూ అడగలేదు.

ఆ హోటల్ ఇప్పుడు మందుల దుకాణం. కూర్చోడానికి ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది, బీపీ చూపించుకునేవాళ్లకి.

కొత్తగా వచ్చినవాళ్లకి ఈ ఊళ్లో ముందు ఇబ్బంది పెట్టేది టైమ్. హైదరాబాదీ "ఐదు నిమిషాల్లో వస్తున్నా" అంటే ఇంకా స్నానం చెయ్యలేదని. "వచ్చేసినా, చౌరస్తాలో ఉన్నా" అంటే చెప్పులు వేసుకుంటున్నాడని. దక్కనీలో "పర్సోం" అంటే మామూలుగా మొన్న. మా వీధిలో మాత్రం పోయిన వారమూ పర్సోమే, పోయినేడు జరిగిన పెళ్లీ పర్సోమే. మా అమ్మాయితో పనిచేసే వైజాగ్ పిల్ల ఒకతి దీన్నొక పద్ధతిలో పెట్టాలని చూసింది. హైదరాబాదీ చెప్పిన నిమిషాలని పదితో గుణించాలట. మూడు నెలలకి ఆ అమ్మాయే "ఐదు నిమిషాలు" అనడం మొదలెట్టింది.

దారి చెప్పడమూ అంతే. లకడీకాపుల్‌లో కట్టెవంతెన ఎవరం చూశాం? అయినా ఆ పేరు వదల్లేదు. బషీర్‌బాగ్‌లో స్కైలైన్ థియేటర్ పడగొట్టి ఎన్నేళ్లయిందో, నేను ఈరోజుకీ ఆటోవాడికి "స్కైలైన్ సందు" అనే చెప్తాను. ఆటోవాడు నాకన్నా చిన్నవాడైతే వెనక్కి తిరిగి చూస్తాడు. అప్పుడు మ్యాప్ తీయాల్సి వస్తుంది, అది నాకు నచ్చదు.

ప్రయాణం విషయానికొస్తే, నేను వాడినవాటిలో ఉత్తమమైనది డబుల్ డెక్కర్ బస్సు. పైన ముందు సీటు దొరికితే ట్యాంక్‌బండ్ మీద ఆకాశంలో పోతున్నట్టుండేది. ఎడమో కుడో హుస్సేన్‌సాగర్, కాళ్ల కింద జనం. 1990లో బుద్ధుడి విగ్రహం తీసుకెళ్తుంటే పడవ ఒరిగి మనుషులు పోయారు, విగ్రహం నీళ్లలో పడిపోయింది. దాన్ని 1992లో పైకి తీసి నిలబెట్టేదాకా ఆ సీటులో కూర్చుని నాన్న ప్రతిసారీ వేలు చూపించి "అదిగో, అక్కడే పడుకున్నాడు" అనేవాడు. నీళ్లు తప్ప ఏమీ కనపడేది కాదు. మేం మాత్రం చూసేవాళ్లం. ఆ బస్సులు తర్వాత తీసేశారు. 2023లో కరెంటువి కొన్ని వచ్చాయి గానీ అవి సందర్శకుల కోసం. ఆఫీసుకి పోయేవాడు ఎక్కే బస్సులు కావు.

మెట్రో బాగుంది, చెప్పుకోవాలి. మా వైపు లైను 2020 ఫిబ్రవరిలో తెరిచారు. జేబీఎస్ బస్టాండు నుంచి ఎంజీబీఎస్ బస్టాండు దాకా చెమట పట్టకుండా పోవచ్చు. కాకపోతే అది ఇళ్ల మేడల ఎత్తున పోతుంది. చిక్కడపల్లి మెయిన్‌రోడ్డు మీదుండే మా పిన్ని మేడ మీద వడియాలు పెట్టడం మానేసింది. "పోయేటోళ్లంతా చూస్తున్నరు, అన్నీ దిష్టి తగిలి విరిగిపోతున్నయ్" అంటుంది. నా లెక్క ప్రకారం మెట్రోకి మార్కులు తగ్గుతాయి. స్టేషన్లో ఊరికే కాసేపు నిలబడితే గార్డు వచ్చి "సార్, మూవ్" అంటాడు.

2023లో ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా స్టీల్ బ్రిడ్జి కూడా వచ్చింది. కింద అరగంట ఇరుక్కునే దూరం పైన నాలుగు నిమిషాలు. నేనూ వాడతాను, అబద్ధం ఎందుకు? కానీ కింద సంధ్య, దేవి, సుదర్శన్ థియేటర్ల దగ్గర ఎవరి కటౌట్ పెట్టారో, ఎవరికి పాలాభిషేకం జరుగుతోందో తెలియకుండానే క్రాస్‌రోడ్స్ దాటిపోతాం.

అసలు మార్పు వచ్చింది అమ్మకి. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఉచితం. అమ్మకి డెబ్భై ఐదు. ఆధార్ కార్డుని పాలిథిన్ కవర్లో, కవర్ని చేతిసంచిలో పెట్టుకుని వారానికి రెండుసార్లు కోఠీ వెళ్లొస్తుంది. ఏం కొన్నావంటే, "ఏం లేదు, కిటికీ పక్కన సీటు దొరికింది, కూర్చుని చూసొచ్చిన" అంటుంది. కండక్టర్ ఇచ్చే జీరో టికెట్లు దాచిపెడుతోంది. ఎందుకో నేనూ అడగలేదు.

ఇక లోపాలు. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, అదీ తెల్లవారుజామున. దుమ్ము, హారన్లు, ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఇంటి గోడలు కాలడం, ఇవన్నీ ఏ పెద్ద ఊళ్లోనైనా ఉండేవే. వాన మాత్రం మాకు వేరే లెక్క. మా వీధి చివర నాలా ఉంది. హుస్సేన్‌సాగర్ నిండితే మిగులు నీళ్లు దోమలగూడ, అశోక్‌నగర్, నల్లకుంట మీదుగా దాంట్లోంచే మూసీకి పోవాలి. 2000 ఆగస్టు 24న ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. నాలా తన హద్దులు గుర్తుచేసుకుని మా ఇంట్లోకి వచ్చింది. ముందు గ్యాస్ సిలిండర్ తేలింది, తర్వాత నాన్న హార్మోనియం పెట్టె.

ఎదురింటి ఖాలా, అంటే మాకు పిన్ని వరస, పై అంతస్తులో ఉండేది. మూడు ఇళ్లవాళ్లం, మొత్తం పదిహేనుమందిమి, రెండు రాత్రులు ఆవిడ ముందు గదిలోనే. కిరసనాయిల్ స్టౌ మీద పెద్ద దేగిషాలో కిచిడీ వండింది. పక్కన నువ్వులు, చింతపండు వేసిన ఖట్టా, మాకందరికీ ఖీమా. అమ్మ పళ్లెం ముందు కూర్చుని కదల్లేదు. అది శ్రావణం, అమ్మ నీసు ముట్టదు. పదిహేనుమంది మధ్య నోరు తెరిచి చెప్పడానికి మొహమాటం. ఖాలా లోపలికి వెళ్లి మూత పెట్టిన చిన్న గిన్నె తెచ్చింది. "ఇది వేరే చేసిన. గంటె కూడా వేరే. నీకు శ్రావణం కదా, నాకు ఎర్క లేదా?" అని అమ్మ పళ్లెంలో వేసింది. అమ్మ ఇప్పటికీ ఖట్టా చేస్తే "ఆ రుచి రాలే" అంటుంది.

2020 అక్టోబరులో మళ్లీ మూడో మెట్టు దాకా వచ్చాయి నీళ్లు. నాలా మీదికి ఎవరెవరో జరిగారని తిట్టుకుంటాం. జరిగినవాళ్లలో మా వీధివాళ్లూ ఉన్నారు. వాళ్ల గోడ పడితే మేమందరం వెళ్లి ఇటుకలు ఏరిపెట్టాం.

కూర్చోడానికి ఇప్పటికీ ఫస్ట్ క్లాస్‌గా పనిచేస్తున్నవి రెండున్నాయి. ఒకటి ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్. దుకాణాలు మూసి ఉంటాయి, వాటి ముందు పాత పుస్తకాలు పరుస్తారు. గొంతుక్కూర్చుని ఒక కథ మొత్తం చదివేసి పుస్తకం అక్కడే పెట్టి లేచినా అమ్మేవాడు ఏమీ అనడు. మరీ రెండో కథ మొదలెడితే "అన్నా, ఇంటికి తీస్కపో, ముప్పై ఇయ్యి" అంటాడు.

రెండోది చిక్కడపల్లి లైబ్రరీ. గ్రూప్స్‌కి చదివే పిల్లలు నల్గొండ నుంచి, ఆదిలాబాద్ నుంచి వచ్చి మా అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉంటారు. ఒక గదిలో నలుగురు, ఐదుగురు. లోపల కుర్చీలు చాలక ఆవరణలో చెట్ల కింద కూర్చుంటారు, ఇంటి నుంచి తెచ్చుకున్న ప్లాస్టిక్ కుర్చీకి పేరు రాసి, గొలుసు వేసి తాళం పెట్టి వెళ్తారు. పొద్దున అటు నడుస్తుంటే అవి వరసగా కనిపిస్తాయి. ఒక కుర్చీ మీద పేరు కొట్టేసి ఇంకో పేరు, దాని మీద ఇంకో పేరు చూశాను. ఉద్యోగం వచ్చి వెళ్లినవాడు ఇచ్చిపోయాడో, వయసు దాటి వెళ్లినవాడు అమ్ముకుపోయాడో.

మా అమ్మాయి గచ్చిబౌలి వైపు పనిచేస్తుంది. నేను డిగ్రీ చదివేటప్పుడు అటు రాళ్లు చూడ్డానికి సైకిళ్ల మీద వెళ్లేవాళ్లం. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టుండే గుండ్లు, దాదాపు 250 కోట్ల ఏళ్లవట. వాటి నీడలో పడుకుంటే లేపేవాడు లేడు. 1998లో సైబర్ టవర్స్ వచ్చింది, తర్వాత ఒక్కో గుండూ కంకర అయిపోయింది. ఇప్పుడక్కడ అద్దాల మేడల మధ్య నడుస్తుంటే ఒక్క అరుగు కనపడదు. మోకాళ్లు నొప్పి పుట్టి ఒక ఆఫీసు ముందు పూలకుండీల గట్టు మీద కూర్చుంటే సెక్యూరిటీ కుర్రాడు వచ్చాడు. నా యాస విని, "చిచ్చా, నాకు మాట పడ్తది, లెవ్" అని మెల్లగా చెప్పాడు. వాడు పరిగి వైపు పిల్లాడు. వాడికీ కుర్చీ లేదు.

అమ్మాయి నన్ను ఒక కాఫీ షాపుకి తీసుకెళ్లింది. "డాడీ, ఇక్కడ ఎంతసేపైనా కూర్చోవచ్చు, ఎవరూ ఏమనరు" అంది. నిజమే, అనలేదు. బిల్లు ఐదు వందల ఎనభై. కాఫీ చేదుగా ఉంది, సోఫా మెత్తగా ఉంది. అలవాటుగా కొంచెం సాసర్లో పోసుకుందామని చూశాను, సాసరే లేదు.

ఈ మధ్య మా గల్లీ మలుపులో కొత్త చాయ్ దుకాణం పెట్టారు. బయట ఇరానీ చాయ్ అని బోర్డు, లోపల నిలబడి తాగే ఎత్తు టేబుళ్లు. మొదటి రోజు నిలబడే తాగాను. చాయ్ పర్వాలేదు, పాలు ఇంకా చిక్కబడాలి. రెండో రోజు పేపర్ పట్టుకుని వెళ్లాను. గోడకి ఆనుకుని అటూ ఇటూ కాలు మారుస్తుంటే చాయ్ పోసే కుర్రాడు చూశాడు. లోపలికి వెళ్లి ఖాళీ పాల ట్రే తెచ్చి బోర్లించి, మీద బియ్యం సంచి మడిచి వేశాడు.

"బైఠో చిచ్చా."

కూర్చున్నాను. పక్కనే లైబ్రరీ పిల్లలు ఇద్దరు వన్ బై టూ చెప్పి ఏదో జీవో నంబరు గురించి పోట్లాడుకుంటున్నారు. ఇద్దరిదీ తప్పే. చెప్దామనుకునేలోపు ఫోన్ మోగింది, మా ఆవిడ.

"ఎక్కడున్నరు? కూరగాయలు తెస్త అని పోయి గంట అయితుంది."

"వస్తున్నా. చౌరస్తాలనే ఉన్నా. ఐదు నిమిషాలు."