సీసం కరిగించే కుండ: గ్యాస్ పొయ్యా, కరెంటు కుండా, డిజిటలా?

అమెరికాలో తుపాకీ గుళ్లను సొంతంగా పోతపోసుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. వారం వారం షూటింగ్ రేంజికి వెళ్లేవాడికి కొన్న తూటాల బిల్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. అందుకని సీసం కరిగించి, అచ్చులో పోసి, గుండు వరకు తనే చేసుకుంటాడు. నేనూ ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నాను. (ఇండియాలో ఉన్నవాళ్లు సరదాకి కూడా చెయ్యొద్దు. లైసెన్సు లేకుండా మందుగుండు తయారుచేయడం 1959 నాటి ఆయుధాల చట్టం కింద నేరం.) కొత్తగా దిగే ప్రతివాడూ ముందు అడిగేది ఏ కుండ కొనాలనే. థర్మామీటరు కొన్నావా అని నేను తిరిగి అడుగుతాను.

ఎందుకంటే ఈ పనంతా వేడి లెక్కే. ఉత్త సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఇక్కడివాళ్ల ఫారెన్‌హీట్ భాషలో 621. గుళ్లకు సాధారణంగా ఉత్త సీసం వాడరు. గట్టిదనానికి యాంటిమొనీ, అచ్చులో మూలమూలకూ పారడానికి తగరం కలుపుతారు. లైమన్ నంబర్ 2 అనే పేరుమోసిన మిశ్రమంలో నూటికి 90 పాళ్లు సీసం, 5 తగరం, 5 యాంటిమొనీ. ఇలాంటివి 700 ఫారెన్‌హీట్ అటూ ఇటూగా పోస్తే చక్కగా వస్తాయి. 750 దాటించారంటే తగరం జోరుగా తెట్టు కట్టేస్తుంది. తగరం సీసం కంటే చాలా ఖరీదు మరి.

మొదటి దారి గ్యాస్ పొయ్యి, పోత ఇనుప కుండ, ఒక గరిట. చవక. ఎంత పెద్ద కుండైనా పెట్టుకోవచ్చు. పాత ఇనుప సామాన్ల కొట్లో దొరికే తుక్కు సీసాన్ని కరిగించి శుభ్రం చేయడానికి దీన్ని మించింది లేదు. అల్యూమినియం గిన్నె మాత్రం వద్దు. వేడికి మెత్తబడి ఆ బరువుకు అడుగు ఊడిందంటే కరిగిన సీసమంతా కాళ్ల మీదే. తుక్కులో తడి ఉన్నా అంతే ప్రమాదం. నీటిబొట్టు కరిగిన సీసం కిందికి దిగిందా, ఆవిరై కుండలో ఉన్నదంతా పైకి చిమ్ముతుంది. తుక్కు వేసేది చల్లటి కుండలో, పొయ్యి వెలిగించకముందే.

పొయ్యితో చిక్కల్లా వేడి మీద పట్టు లేకపోవడం. తుక్కులో ఎక్కువగా వచ్చేవి కారు చక్రాలకు బిగించే బరువులు. కాలిఫోర్నియా, వాషింగ్టన్ వంటి రాష్ట్రాలు సీసం బరువుల్ని నిషేధించాయి కాబట్టి ఇప్పుడు బకెట్లో జింకువీ, ఉక్కువీ కలిసే వస్తున్నాయి. జింకు 787 ఫారెన్‌హీట్ దాకా కరగదు. అంతకు లోపు ఉంచితే పైకి తేలుతుంది, గరిటతో తీసి పారేయొచ్చు. మంట ఎక్కువైతే అదీ కరిగి కలిసిపోతుంది. ఇక ఆ సీసం అచ్చులో సరిగా పారదు, కుండెడు సరుకూ గోవిందా.

రెండోది అడుగున తూము ఉన్న కరెంటు కుండ. మీట ఎత్తితే సీసం నేరుగా అచ్చులోకి దిగుతుంది. చవకలో లీ కంపెనీవే ఎక్కువమంది కొంటారు. 10 పౌన్ల కుండ, 20 పౌన్ల కుండ రెండూ ఉన్నాయి. పెద్దదే తీసుకోండి. గుళ్ల బరువును గ్రెయిన్లలో కొలుస్తారు, పౌనుకు 7000 గ్రెయిన్లు. 45 క్యాలిబర్ గుండు 230 గ్రెయిన్లు అనుకుంటే పౌనుకు 30 వస్తాయి. 10 పౌన్ల కుండను మూడో వంతుకు దిగకుండా వాడితే 200 గుళ్లకే మళ్లీ నింపాలి. చల్లటి సీసం వేసిన ప్రతిసారీ వేడి పడిపోతుంది, మళ్లీ అందుకునేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవాలి.

ఈ కుండలకు చుక్కలు కారతాయన్న పేరు ఉంది. వెటకారంగా ‘డ్రిప్-ఓ-మాటిక్’ అంటారు. చాలాసార్లు తప్పు తూములో ఇరుక్కున్న మురికిది. మీట కడ్డీ తలను స్క్రూడ్రైవరుతో అటూ ఇటూ తిప్పితే కాస్త సర్దుకుంటుంది. తుక్కును ఇందులో ఎప్పుడూ కరిగించకపోవడమే అసలు మందు. ఇక డయల్ మీది అంకెలు డిగ్రీలు కావు. కుండ నిండుగా ఉన్నప్పుడు ‘6’ ఇచ్చే వేడి వేరు, సగమయ్యాక అదే ‘6’ ఇచ్చేది వేరు.

మూడోది డిజిటల్. ఆర్‌సీబీఎస్ ప్రో-మెల్ట్ 2, లైమన్ మ్యాగ్ 25 ఈ కోవవి. కావలసిన డిగ్రీ నొక్కితే అక్కడే నిలబెట్టుకుంటాయి. మామూలు థర్మోస్టాట్‌కు తెలిసింది రెండే: పూర్తిగా వేయడం, పూర్తిగా ఆపడం. అందుకే వేడి పైకీ కిందికీ ఊగుతుంది. పీఐడీ అనే ఎలక్ట్రానిక్ కంట్రోలరు అలా కాదు. పాలు పొంగకముందే మంట తగ్గించే అమ్మలాగా, గురి దగ్గరపడుతుండగానే కరెంటు తగ్గిస్తూ వస్తుంది. ధర మాత్రం చవక కుండకు మూడు నాలుగు రెట్లు.

నా ఓటు రెంటికీ మధ్యదానికి: 20 పౌన్ల చవక కుండ, దానికి బయటి నుంచి తగిలించిన పీఐడీ. కుండ డయల్‌ను చివరిదాకా తిప్పేసి, పెత్తనం పీఐడీకి అప్పగించాలి. వేడిని కొలిచే కె-రకం థర్మోకపుల్ మొన సీసంలో బాగా మునిగి ఉండాలి, గోడకూ అడుక్కీ తగలకూడదు. పీఐడీ చెప్పినట్టు కరెంటును వేసి ఆపే సాలిడ్ స్టేట్ రిలేకు, దాని వేడిని లాగేసే హీట్ సింకు తప్పనిసరి. రిలే చెడిపోతే ఎక్కువగా ‘ఆన్’లోనే ఇరుక్కుంటుంది. కాబట్టి విడిగా ఒక స్విచ్ పెట్టుకోండి, వెలుగుతున్న కుండను వదిలి ఫోను మాట్లాడటానికి పోకండి. వైరింగు చేతకానివాళ్లు తయారుగా దొరికే పెట్టె కొనుక్కుంటే పోతుంది. గరిటను మాత్రం పారేయొద్దు. 500 గ్రెయిన్ల పెద్ద రైఫిల్ గుళ్లకు ఇప్పటికీ గరిటతో పోయడానికే మొగ్గేవాళ్లున్నారు.

ఇంతా చేసి గుండు ముడతలు పడితే వెంటనే కుండ వేడి పెంచకండి. అచ్చు చల్లగా ఉందేమో చూడండి, పోసే వేగం పెంచండి. గుండు మీద మంచు పట్టినట్టు తెల్లగా ఉంటే అచ్చు కాస్త ఎక్కువ కాగింది. అలాంటివి కాల్చడానికి పనికొస్తాయి, కంగారు లేదు.

ఈ వేడి దగ్గర సీసం ఆవిరయ్యేది చాలా తక్కువ. అసలు భయం తెట్టు తీసినప్పుడు లేచే బూడిదరంగు పొడితో, అది అంటిన చేతులతో. చేత్తో తినే మనం ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పిల్లల రక్తంలో డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములున్నా పట్టించుకోవాలని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2021లో హద్దు దించింది. నేను షెడ్డు తలుపులు రెండూ తెరిచి పోస్తాను, ఆ బట్టలతో ఇంట్లోకి రాను. పని అయ్యాక కుండను పూర్తిగా ఖాళీ చేయను, అడుగున అంగుళం సీసం ఉంచుతాను. మర్నాడు తొందరగా వేడెక్కుతుంది.