టమాటా టైమర్: పేపర్లు దిద్దడానికి భేష్, థీసిస్‌కి కష్టం

బేగంబజార్‌లో వంటసామాన్ల కొట్లో కొన్నాను దీన్ని. ఎర్రగా, పైన పచ్చటి తొడిమతో అచ్చం టమాటాలా ఉంటుంది. బ్యాటరీ అక్కర్లేదు, పై సగం తిప్పితే చాలు. నూట ఎనభై చెప్పాడు, బేరమాడితే నూట ఇరవైకి ఇచ్చాడు.

డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతూ పార్ట్‌టైం పీహెచ్‌డీ లాక్కొస్తున్నాను. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం, నాలుగు విడతలయ్యాక కాస్త పెద్ద విరామం అనే పద్ధతిని ఫ్రాన్సెస్కో సిరిల్లో 1980ల చివర్లో ఇలాంటి వంటింటి టైమర్‌తోనే మొదలుపెట్టాడు. అప్పుడతను విద్యార్థి. మా టీచర్ల పని మాత్రం అంతా ఒకే రకంగా ఉండదు కదా, అందుకే ఈ పద్ధతి కొన్నిటికి కుదురుతుంది, కొన్నిటికి కుదరదు.

ఇంటర్నల్ పేపర్లు దిద్దడానికి మాత్రం దీన్ని మించింది లేదు. కట్ట సగానికొచ్చేసరికి మన నడుం నొప్పి పిల్లల మార్కుల మీద పడుతుంది. గంట మోగగానే లేచి, నీళ్లు తాగి, బాల్కనీలో నాలుగడుగులేసి వస్తే తర్వాతి పిల్లకి అన్యాయం జరగదు. కాలేజీలకి గ్రేడ్లిచ్చే న్యాక్ కోసం తయారుచేసే ఫైళ్లకీ బాగా పనికొస్తుంది.

థీసిస్ చాప్టర్ దగ్గరే చిక్కు. నిన్న ఎక్కడ ఆపానో, ఏ టేబుల్ ఎందుకు వేశానో గుర్తు తెచ్చుకోవడానికే ఇరవై నిమిషాలు పోతాయి. వాక్యం కుదిరే వేళకి ట్రింగ్! అందుకే రాతకి కూర్చుంటే దీన్ని వేరే గదిలో పెట్టేస్తాను.

ఇంకో లోపం, పది నిమిషాల లోపు పెట్టాలంటే ముందు పది దాటించి వెనక్కి తిప్పాలి. లేకపోతే మోగదు. టిక్ టిక్ చప్పుడూ ఎక్కువే. లైబ్రరీకి తీసుకెళ్లే ఆలోచన మానుకోండి.

ఇది పని తగ్గిస్తుందనుకుని మాత్రం కొనకండి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం వారానికి కనీసం 40 గంటల పని, అందులో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి 16 గంటల బోధన. మిగతా 24 గంటల్లో పేపర్లు, ఫైళ్లు, అడ్మిషన్లు, మీటింగులు, మన రీసెర్చి అన్నీ పట్టాలంటే ఏ టమాటా వల్లా కాదు. నేను ఎక్కువగా వాడేది రాత్రిపూట, పని ఆపడానికి. అది మోగాక డిపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు తెరవను. మా హెచ్‌ఓడీ మేడమ్‌కి ఆ సంగతి చెప్పేశాను కూడా. "నాకూ ఒకటి తెచ్చిపెట్టమ్మా" అన్నారు.

నాలుగు స్టార్లు. ఒకటి తగ్గించింది ఆ టిక్ టిక్‌కి.