‘ఫిట్ అవుతుంది’ అన్న ఒక్క మాట చూసి ఇయర్ ప్యాడ్లు కొనేయకండి

ఆడియో-టెక్నికా ఎం50ఎక్స్ లాంటి క్లోజ్డ్ బ్యాక్ (కప్పు వెనక మూసి ఉండే) హెడ్‌ఫోన్స్‌కి కొన్ని వందల్లో దొరికే ప్యాడ్లు, అంటే చెవుల చుట్టూ ఆనే మెత్తలు, తెప్పించుకునేవాళ్లకు ఈ హెచ్చరిక. లిస్టింగ్‌లో ‘ఫిట్’ అని ఉంటే ప్యాడ్ కప్పు అంచుకి పడుతుందని మాత్రమే అర్థం. సౌండ్ పాతలాగే ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

ఈ రకం హెడ్‌ఫోన్స్‌లో బేస్ దక్కాలంటే ప్యాడ్‌కీ చెంపకీ మధ్య గాలి బయటికి పోకూడదు. సందు ఏర్పడితే ముందు పోయేది అడుగు బేసే. వెలూర్ (మఖ్మల్ లాంటి గుడ్డ) ప్యాడ్ వేస్తే మెత్తగా ఉంటుంది, చెమటా తక్కువే. కానీ ఆ గుడ్డలోంచి గాలి పోయి, డోలు అట్టపెట్టె మీద కొట్టినట్టు వినిపిస్తుంది. చిల్లుల లెదర్‌దీ అదే దారి. సెన్‌హైజర్ వాళ్ల ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్ హెచ్‌డి 600 వెలూర్‌తోనే వస్తుంది కదా అంటారేమో, దాని కప్పు వెనక తెరిచే ఉంటుంది, డిజైనే వేరు.

మందం సంగతి ఇంకా మోసం. నాలుగైదు మిల్లీమీటర్లు పెరిగినా డ్రైవర్ (కప్పులో సౌండ్ పుట్టించే చిన్న స్పీకర్) చెవికి దూరమై, గొంతులు వెనక్కి జరగడమో ‘స’, ‘ష’ గుచ్చుకోవడమో జరగొచ్చు. పైగా హెడ్‌బ్యాండ్ ఇంకా విచ్చుకుని తలని గట్టిగా నొక్కుతుంది. సుఖం కోసం కొన్న లావు ప్యాడ్ గంటకే దవడ నొప్పి తెప్పించేది అందుకే. గొంతుల తేడాని ఫోన్‌లో బేస్, ట్రెబుల్ పెంచి తగ్గించే ఈక్వలైజర్‌తో కొంత సర్దుకోవచ్చు. గాలి లీకుని సర్దలేం, దవడ కదిలినప్పుడల్లా అది మారుతుంది. కళ్లజోడు ఉంటే మరీను.

‘ప్రోటీన్ లెదర్’ అంటే తోలు అనుకోకండి, అది కృత్రిమమే. చెమటకీ తలనూనెకీ పై పొర పొరలుగా ఊడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి ఉక్క ఊళ్లలో పెట్టెలో దాచినా తేమ వదలదు. ఆఫర్ ఉందని రెండు జతలు కొని దాచుకోవడం దండగ.

నాయిస్ క్యాన్సిలింగ్ మోడళ్లలో నష్టం రెట్టింపు. సీల్ సరిగ్గా లేకపోతే ఫ్యాన్, బస్సు ఇంజన్ రొద లోపలికి వచ్చేస్తుంది. సోనీ ఎక్స్‌ఎం4 ఎడమ కప్పులో, హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నామో లేదో కనిపెట్టే సెన్సర్ ఉంటుంది. ప్యాడ్ లోపలి గుడ్డ దానికి అడ్డొస్తే, తల మీంచి తీసినా పాట ఆగదు.

కొనేముందు బయటి కొలత కాదు, లోపలి రంధ్రం పొడవు, వెడల్పు, లోతు మిల్లీమీటర్లలో అడగండి. లోతు చాలకపోతే చెవి డ్రైవర్ గుడ్డకి తగిలి ఒరుసుకుంటుంది. పాత ప్యాడ్లు పారేయకండి, పోల్చడానికి కావాలి. క్లిప్పులున్న మోడల్ అయితే స్క్రూడ్రైవర్ దూర్చకండి, పాత ప్లాస్టిక్ కార్డు చాలు. ఎం50ఎక్స్‌కి ప్యాడ్ అంచుని ఒకచోట గాడిలో పెట్టి, చుట్టూ వేలితో లాగుతూ ఎక్కించండి. ఒక్కసారిగా సాగదీస్తే కుట్టు విడుతుంది.

బిగించాక ఫోన్‌లో 50 హెర్ట్జ్ టోన్ (బాగా అడుగు బేస్ శబ్దం) పెట్టి, రెండు కప్పులనీ అరచేతులతో మెల్లగా నొక్కండి. అప్పుడు బేస్ బాగా పెరిగితే లీక్ ఉన్నట్టే. తర్వాత ఆడియోని మోనోలో (రెండు చెవులకీ ఒకే సౌండ్ వచ్చేలా) పెట్టి వినండి, గొంతు నడి తలలో కాకుండా ఒక పక్కకి ఒరిగితే రెండు ప్యాడ్లూ ఒకేలా లేవు. కొత్త మెమరీ ఫోమ్ బిరుసుగా ఉంటుంది కాబట్టి రెండు మూడు రోజులు వాడాక మళ్లీ చూడండి, అయితే రిటర్న్ గడువు దాటనివ్వకండి. ఈ పరీక్షలయ్యేదాకా కత్తిరించడం, గమ్ పెట్టడం వద్దు, ఆ పని చేశాక వెనక్కి తీసుకోరు.