మంచం పక్కకు పెద్ద అక్షరాల తెలుగు బైబిలు: కొనదగినదేనా?

దీర్ఘవ్యాధితో మంచం పట్టినవారిని చూడబోయే క్రైస్తవ కుటుంబాలు సాధారణంగా రెండింటిలో ఒకటి పట్టుకెళతాయి: గోడకు తగిలించే వాగ్దానాల క్యాలెండరు, లేదా పెద్ద అక్షరాల తెలుగు బైబిలు. మా ఇంట్లో మంచాన ఉన్న పెద్దావిడ దగ్గర ఈ రెండూ చాలాకాలం వాడుకలో ఉన్నాయి కాబట్టి, బాధలో ఉన్నవారికి ఏది అక్కరకు వస్తుందో చెప్పగలను.

ముందు లోపాలు. పెద్ద అక్షరాల ప్రతి బరువైనది; మణికట్టులో బలం తగ్గినవారు చేత్తో పట్టుకుని చదవలేరు, ఒడిలో దిండు వేసి దానిమీద పెట్టవలసిందే. కాగితం పలుచన కావడం వల్ల వెనుక పుట అక్షరాలు లీలగా కనబడతాయి. అయితే యోబు గ్రంథం, కీర్తనలు పుస్తకానికి దాదాపు నడిమధ్యన పడతాయి గనుక, అక్కడ తెరిస్తే రెండువైపులా సమంగా పరుచుకుని పుటలు వాటంతటవి మూసుకుపోవు. రోగి ఎక్కువగా తెరిచేది ఆ భాగాన్నే కావడం అదృష్టం.

అసలు తేడా లోపలి సరుకులో ఉంది. క్యాలెండరు ఆశీర్వాద వచనాలనే ఏరుకుంటుంది. సమస్తమును మేలు కలుగుటకై సమకూడి జరుగుచున్నవనే రోమా 8:28 (అపొస్తలుడైన పౌలు రోమా సంఘానికి రాసిన పత్రికలోనిది) అక్కడ తప్పక ఉంటుంది. అదే అధ్యాయంలో కొద్దిగా పైన, సృష్టి అంతా ప్రసవవేదనతో మూలుగుతున్నదని పౌలు రాసిన మాట మాత్రం కనబడదు. నొప్పితో తెల్లవార్లూ మూలిగిన మనిషికి ఆ పై వచనం లేకుండా కింది వచనం అందిస్తే, అది ఓదార్పుగా కాక మందలింపుగా వినిపించే ప్రమాదముంది. డెబ్బై ఏళ్లుగా ఆరాధనలకు వెళ్లిన ఆవిడకు కూడా 88వ కీర్తన కొత్తగానే అనిపించింది, ఎందుకంటే "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగిసే కీర్తనను ఎవరూ వాగ్దానపు కార్డు మీద అచ్చువేయరు.

నీతిమంతుడై ఉండీ పిల్లలను, ఆస్తిని, ఆరోగ్యాన్ని కోల్పోయిన యోబు కథ చెప్పే యోబు గ్రంథం 42 అధ్యాయాలనూ వరుసగా చదవమని నా సలహా. అతన్ని ఓదార్చడానికి వచ్చిన ఎలీఫజు, బిల్దదు, జోఫరు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరు మెదపకుండా యోబు పక్కన నేలమీద కూర్చున్నంతవరకు మంచి స్నేహితులే. నోరు తెరిచి, నీ పాపమే దీనికి కారణమని వాదించడం మొదలుపెట్టాకే చెడిపోయారు. పరామర్శకు వచ్చి, ప్రార్థన తగ్గిందేమో చూసుకోమని చెప్పే మన చుట్టాల మాటలూ అచ్చం ఇలాగే ఉంటాయి (ఇలాంటివారికి వేరుగా ఒక ప్రతి కొనివ్వాలనిపిస్తుంది). చివరకు దేవుడు సుడిగాలిలోనుండి మాట్లాడినప్పుడు భూమి పునాదుల గురించి, సముద్రం గురించి, కొండమేకల ఈత గురించి అడుగుతాడే తప్ప, యోబు బాధకు కారణం చెప్పడు. అయినా తన్ను గూర్చి యుక్తంగా పలికినవాడు యోబేనని, ఆ స్నేహితులు కారని 42:7లో తీర్పు ఇస్తాడు. ఫిర్యాదు చేసినవాడు విశ్వాసంలోనుండి వెలివేయబడలేదన్న ఈ సంగతే ఆవిడకు ఏ వాగ్దానంకన్నా ఎక్కువ బలమిచ్చింది.

కొత్త నిబంధనకు వచ్చేసరికి రిఫరెన్సులున్న (వచనం పక్కన సంబంధిత వచనాల సూచనలు అచ్చువేసిన) ప్రతి విలువ తెలుస్తుంది. "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" అని సిలువమీద వేసిన కేక పక్కన 22వ కీర్తన సూచన ఉంటుంది. అక్కడికి వెళ్లిన పాఠకుడికి, తనలా బాధపడినవారు పాడిన పాటనే యేసు నోట తెచ్చుకున్నాడని అర్థమవుతుంది. పౌలు మూడుసార్లు వేడుకున్నా, తన శరీరంలో ముల్లు అని అతడు పిలిచిన బాధ తీసివేయబడలేదు, "నా కృప నీకు చాలును" అన్న జవాబే వచ్చింది. క్రైస్తవ విశ్వాసం శ్రమకు ఇచ్చే అర్థం కారణాల చిట్టాలో కాక, శ్రమలో పాలుపంచుకునే దేవునిలో ఉందని నాకు తోస్తుంది. ఆ సంగతి ఏరిన వచనాలలోకన్నా కథ మొత్తంలోనే స్పష్టంగా తెలుస్తుంది.

కొనేటప్పుడు బంగారు అంచులకు, జిప్ కవరుకు అదనంగా డబ్బు పెట్టనవసరం లేదు. యోబు దగ్గర తెరిచి, రోగి కళ్లజోడుతో ఒక పుట చదివించి చూశాకే తీసుకోండి. కూర్చోలేని స్థితిలో ఉన్నవారికైతే ఈ పుస్తకం వద్దు. పక్కన కూర్చుని చదివి వినిపించే మనిషి లేకపోతే ఆడియో బైబిలు పెట్టి ఇవ్వడం మేలు.