విమానంలో మౌంటెన్ బైకు: అట్టపెట్టె, సాఫ్ట్ బ్యాగు, హార్డ్ కేసు – ఏది మేలు?

ఈ మూడింటిలోనూ నేను నా మౌంటెన్ బైకు, అంటే కొండదారుల్లో తొక్కే సైకిల్, పంపాను. చాలామందికి నా సలహా సాఫ్ట్ బ్యాగే. అయితే మిగతా రెండూ పనికిరావని కాదు. ఎలాంటి ప్రయాణం చేస్తున్నారో దాన్నిబట్టి ఉంటుంది.

ముందు బరువు లెక్క చూద్దాం. ఈ రోజుల్లో ముందూ వెనకా షాకబ్జార్బర్లుండే ఫుల్ సస్పెన్షన్ ట్రెయిల్ బైకు 14, 15 కిలోలు తూగుతుంది. చాలా ఎయిర్‌లైన్లలో మామూలు టికెట్టు మీద ఒక లగేజీకి 23 కిలోలే హద్దు. హార్డ్ కేసు ఖాళీగానే 12 కిలోల దాకా ఉంటుంది కాబట్టి బైకు పెట్టగానే ఆ హద్దు దాటిపోతుంది. సాఫ్ట్ బ్యాగు ఎనిమిది కిలోల దగ్గర ఉంటే సరిగ్గా అంచు మీద నిలబడతాం. అట్టపెట్టె ఈ రెండింటికంటే చాలా తేలిక. హెల్మెట్టు, బూట్లు, మోకాలి ప్యాడ్లు కూడా అందులోనే సర్దేయొచ్చు. ఎయిర్‌లైను బైకుకు ప్రత్యేకంగా 32 కిలోల దాకా ఇస్తే ఈ టెన్షన్ ఉండదు. అందుకే టికెట్టు కొనేముందే వాళ్ల రూలు చదువుకోవాలి.

అట్టపెట్టెకు ఉన్న పెద్ద సుగుణం ఏంటంటే, సైకిల్ షాపులో అడిగితే తరచుగా ఊరికే ఇచ్చేస్తారు. ఒక ఊళ్లో దిగి తొక్కుకుంటూ వెళ్లి ఇంకో ఊరినుంచి తిరిగి వచ్చేవాళ్లకు ఇంతకంటే మంచి దారి లేదు. దిగినచోట పెట్టె పడేసి, తిరిగొచ్చేటప్పుడు ఇంకోటి సంపాదించుకోవచ్చు. కానీ దానికి నీళ్లు పడవు. నా మొదటి ప్రయాణంలో పెట్టె వానలో తడిసి అడుగంతా మెత్తబడిపోయింది. చెయ్యి పట్టే కన్నం చిరిగి అరచెయ్యంత అయింది. బైకుకు ఒక్క గీత పడలేదు, కానీ విడిగా టేపు వేసి పెట్టిన వెనక యాక్సిల్ (చక్రాన్ని ఫ్రేముకు బిగించే ఇరుసు) ఆ కన్నంలోంచి జారిపోయింది. చూడ్డానికి అది వేలెడు లావు గొట్టమే. కానీ పొడవు, మర అన్నీ బైకుకూ బైకుకూ మారతాయి, ఎక్కడపడితే అక్కడ దొరకదు. నాలుగు రోజుల ట్రిప్పులో రెండు రోజులు దాన్ని వెతకడానికే సరిపోయాయి.

హార్డ్ కేసు దెబ్బలకు తట్టుకుంటుంది, అందులో సందేహం లేదు. కార్బన్ ఫ్రేము ఉండి, ఒకేచోట బస చేసి తిరిగొచ్చే ప్రయాణమైతే అదే తీసుకోండి. దాంతో కష్టమంతా విమానం దిగాకే మొదలవుతుంది. మామూలు కారు డిక్కీలో పట్టదు, మడవడానికి వీల్లేదు, గదిలో మంచమంత చోటు తినేస్తుంది. పైగా ఇప్పటి 29 అంగుళాల చక్రాల బైకులు బాగా పొడుగు. పాత కొలతలతో చేసిన కేసుల్లో ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే భాగం) కూడా విప్పితేగానీ మూత పడదు. కొనేముందు మీ బైకు వీల్‌బేస్, అంటే రెండు ఇరుసుల మధ్య దూరం, కొలుచుకోండి.

సాఫ్ట్ బ్యాగంటే ఉత్త గుడ్డసంచీ అని కాదు నా ఉద్దేశం. అడుగున గట్టి చట్రం, ఫోర్కును దాని యాక్సిల్‌తోనే బిగించే స్టాండు, చక్రాలకు పక్కన వేరే అరలు ఉన్నది చూసుకోవాలి. చక్రాలుండటంతో లాక్కుంటూ పోవచ్చు, పనయ్యాక చాలావాటిని మడిచి మంచం కింద పెట్టేయొచ్చు. దీని బలహీనత పక్కనుంచి తగిలే దెబ్బ. ఆ దెబ్బకు ముందు వంగేది వెనక డెరైలర్‌ను (గేరు మార్చినప్పుడు చైనును జరిపే భాగం) పట్టి ఉంచే హ్యాంగర్. అది కాస్త వంగినా గేర్లు సరిగా పడవు.

కాబట్టి దేంట్లో పెట్టినా ఆ డెరైలర్‌ను విప్పండి. కేబులు తియ్యక్కర్లేదు. హ్యాంగర్ నుంచి ఊడదీసి, పాత టవలు చుట్టి, ఫ్రేము లోపలివైపుకు కట్టేస్తే చాలు. రోటర్లు (చక్రాలకుండే డిస్క్ బ్రేకు పళ్లేలు) కూడా విప్పి, రెండు అట్టముక్కల మధ్య పెట్టి బట్టల్లో సర్దండి. చక్రం తీశాక బ్రేకు ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ ముక్కగానీ మడిచిన అట్టగానీ దూర్చాలి. లేకపోతే దారిలో లివరు నొక్కుకున్నప్పుడు ప్యాడ్లను నెట్టే పిస్టన్లు బయటికొచ్చి రోటరు దూరదు. ఎడమ పెడల్‌కు మర తిరగేసి ఉంటుంది, బలం ఉపయోగించేముందు అది గుర్తు తెచ్చుకోండి.

టైర్లలో గాలి మొత్తం తీసేయమని చెబుతుంటారు. లగేజీ గదిలోనూ గాలి పీడనం ఉంచుతారు కాబట్టి అంత అవసరం లేదు. ట్యూబ్‌లెస్ అయితే అసలు వద్దు, టైరు అంచు రిమ్మును వదిలేసి లోపల పంక్చర్లు పూడ్చే సీలెంట్ ద్రవమంతా కారిపోవచ్చు. కాస్త తగ్గించి వదిలేయండి, కౌంటర్‌లో అడిగితే తగ్గించామని చెప్పొచ్చు. టైర్లు నింపే చిన్న గ్యాసు కార్ట్రిడ్జ్‌లు ఇంట్లో వదిలేసి చేతిపంపు పట్టుకెళ్లండి. ఎలక్ట్రిక్ మౌంటెన్ బైకు బ్యాటరీ 160 వాట్ అవర్లు దాటుతుంది కాబట్టి ప్రయాణికుల విమానంలో తీసుకెళ్లనివ్వరు.

ఇప్పుడు నేను వెనక చక్రం తియ్యగానే ఆ ఖాళీలో ప్లాస్టిక్ స్పేసర్ పెట్టి, యాక్సిల్‌ను దాంట్లోంచే మళ్లీ ఫ్రేముకు బిగించేస్తున్నాను. పక్కనుంచి నొక్కినా వెనక చక్రానికి రెండువైపులా ఉండే ఫ్రేము కొమ్ములు దగ్గరకు రావు, యాక్సిల్ ఎక్కడికీ జారిపోదు.